సాకెట్లో పడిన కుంకుమ

స్పిరిట్ వాసన తగిలితే అందరికీ ఆస్పత్రి గుర్తుకొస్తుందంటారు. నాకు మాబున్ని అక్క గుర్తుకొస్తుంది. ఈ ఉదయం పెనుకొండలో నా దుకాణం తెరిచి, ఎవరో లెక్చరరు గారు ఇచ్చిపోయిన కంప్యూటరు మూత విప్పాను. లోపల ఎర్రమట్టి దుమ్ము గుప్పెళ్ళతో ఎత్తిపోసేంత ఉంది. బ్లోయరుతో ఊది, బోర్డు తుడవడానికి స్పిరిట్ సీసా మూత తీశాను. ఆ ఘాటు ముక్కుకు తగలగానే చెయ్యి ఆగిపోయింది. ఆమె పోయి ఏడాది కావస్తోంది. అయినా ఆ వాసన వస్తే చాలు, నా వెనకాల నిలబడి "ఒత్తి తుడవొద్దు పాపా, అది అంట్ల గిన్నె కాదు" అంటున్నట్లే ఉంటుంది.

ఆమె గురించి రాయాలని కూర్చున్నప్పుడల్లా మంచి మనిషి, ఓర్పు గల మనిషి, దేవతలాంటి మనిషి అనే మాటలే ముందుకొస్తాయి. పోయినవాళ్ళందరికీ వేసే ఆ దండలు ఆమె మెడకు పట్టవు. మాబున్ని అక్కకు ఓర్పు లేదు. నోరు పెద్దది. సోమందేపల్లెలో హైవే పక్కన, పంచర్ల అంగడికీ టీ హోటలుకీ మధ్య ఆమె దుకాణం. అంతకుముందు అక్కడే టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిందట. టైపు నేర్చుకునేవాళ్ళు రావడం మానేశాక మిషన్లు తెగనమ్మి, బెంగళూరు పోయి కంప్యూటర్లు బిగించడం నేర్చుకొని వచ్చింది. ఉదయం రాగానే బురఖా తీసి మేకుకు తగిలించి, చున్నీ కొంగు నడుముకు దోపుకొని, స్క్రూడ్రైవరు పట్టుకునేది. కొత్తగా వచ్చినవాళ్ళు దుకాణంలోకి తొంగిచూసి "మెకానిక్ లేడా?" అని అడిగేవాళ్ళు. "ఉండాడు కదప్పా, నీ ముందరే నిలబడుకోనుండాడు" అనేది. కొందరు నవ్వి కూర్చునేవాళ్ళు. కొందరు వెనక్కి తిరిగి వెళ్ళిపోయేవాళ్ళు. వెళ్ళేవాళ్ళను ఆమె ఎన్నడూ పిలవలేదు.

నేను ఆమె దగ్గర చేరినప్పుడు మా ఇంట్లో వరసగా శనక్కాయ పంట పోతోంది. ఇంటరు తర్వాత చదువు ఆగిపోయింది. మా ఊరి ఆడపిల్లల్లో సగంమంది హిందూపురం దగ్గర బట్టల కంపెనీకి పోయేవాళ్ళు. తెల్లారేసరికి కంపెనీ బస్సు ఊళ్ళోకి వస్తుంది, చీకటి పడ్డాక తెచ్చి దింపుతుంది. రోజంతా కుర్చీలో కూర్చొని చొక్కా కాలరు కుట్టాలి, ఒక్క కాలరే. నాయన నన్నూ అక్కడికే పంపాలనుకున్నాడు. ఆ పని తక్కువదని నేననను. దాంతో ఎన్నో ఇళ్ళు నిలబడ్డాయి. కానీ నాకది వద్దు. ఎందుకు వద్దని అడిగితే చెప్పడానికి అప్పుడు మాటలు లేవు, మొండితనం మాత్రం దండిగా ఉండేది. ఆ మొండితనంతోనే ఒకరోజు బస్సు దిగి ఆమె దుకాణంలోకి పోయాను.

"ఏం తెలుసు నీకు?" అని అడిగింది తలెత్తకుండానే.

"టైపింగు వచ్చు మేడం."

"అది కూర్చునేటోళ్ళ పని. విప్పేది తెలుసునా?"

"తెలీదు."

"ఇంట్లో ఎప్పుడన్నా ఏమన్నా విప్పినావా?"

"బోరు స్టార్టరు విప్పినా. నాయన కొట్టినాడు."

"మళ్ళా బిగించినావా?"

"బిగించినా."

"మోటరు ఆడిందా?"

"ఆడింది."

అప్పుడు తలెత్తి చూసింది. "అట్లయితే రేపట్నించి రా. మేడం అనొద్దు. అక్కా అను."

నాయన ఒప్పుకున్నాడు గానీ గడువు పెట్టాడు. "విత్తనం వేసేదాకా చూస్తా ఓబులమ్మా. ఆలోగా పని చేతికి రాలేదంటే, ఏదన్నా రభస అయిందంటే, కంపెనీ బస్సు ఎక్కల్ల." ఆ మాట తలమీద పెట్టుకునే నేను ఆ వేసవంతా దుమ్ము ఊదడం, వైర్లు గుర్తుపట్టడం, మరలు సైజుల వారీగా వేరుచేయడం నేర్చుకున్నాను. ఒక్క కంప్యూటరు మొదటినుంచి చివరిదాకా నా చేత్తో బిగిస్తే ఇక ఎవరూ నన్ను కదిలించలేరని నమ్మకం.

ఆ రోజు రానే వచ్చింది. ఎల్లారెడ్డి అని, ఊళ్ళో పలుకుబడి ఉన్నాయన, హైవే పక్కన ప్లాట్లు వేసి అమ్మడానికి ఆఫీసు పెడుతున్నాడు. మరునాడే ప్రారంభం. దానికి కావలసిన కంప్యూటరు మా దగ్గర ఆర్డరిచ్చాడు. అక్క సామాను కోసం హిందూపురం పోతూ, డబ్బాలన్నీ టేబులు మీద పెట్టి, "చూసినావు కదా ఇన్నాళ్ళు. నేనొచ్చేలోగా బిగించు" అంది. అంతే. జాగ్రత్తలు చెప్పలేదు, భయపెట్టలేదు.

మా ఇంట్లో ఏ యంత్రమైనా పని మొదలుపెట్టే ముందు పసుపు కుంకుమ పెట్టాల్సిందే. విత్తనం గొర్రుకు పెడతాం. బోరు మోటరుకు, స్టార్టరు పెట్టెకు పెడతాం. నాయన పాత సైకిలు కొన్నప్పుడు కూడా హ్యాండిలుకు బొట్టు పెట్టాకే తొక్కాడు. నా చేతిమీద మొదటి కంప్యూటరు బొట్టు లేకుండా ఎట్లా మొదలవుతుంది? పొద్దున పెద్దమ్మ గుడి దగ్గర దిగి కాగితంలో పొట్లం కట్టి తెచ్చుకున్న కుంకుమను అరచేతిలో నీళ్ళతో తడిపాను. బొట్టంటే నడినొసట పెట్టాలి. బోర్డుకు నడినొసలు ఏది? మధ్యలో ప్రాసెసరు కూర్చునే చదరపు గుంట ఉంటుంది, దాన్ని సాకెట్ అంటారు. దాని చుట్టూ ఉండే ఇనుప చట్రం మీద, మీట ఎత్తి, భక్తిగా బొట్టు పెట్టాను. వేలినుంచి ఒక చుక్క జారి సాకెట్లో పడింది.

ఆ గుంటలో వెంట్రుక కన్నా సన్నటి బంగారు రంగు పిన్నులు వందలకొద్దీ ఉంటాయి. వాటిని చేత్తో తాకకూడదని నాకు తెలుసు. చేత్తో తాకలేదు. చున్నీ అంచుతో అద్దాను. చున్నీ దారం పిన్నులకు తగులుకుంది. లాగాను. గాలికి పడిపోయిన కొర్ర చేనులాగా ఒక పక్క పిన్నులన్నీ ఒరిగిపోయాయి. ఇంకా తడి ఉంది. ఆరుతుందిలే, పైన ప్రాసెసరు పెట్టి మూస్తే పిన్నులు వాటంతటవే సర్దుకుంటాయిలే అనుకున్నాను. మూసి, మీట దించి, అన్నీ బిగించి, స్విచ్ వేశాను. ఫ్యాను ఒక చుట్టు తిరిగి ఆగింది. సన్నటి పొగ, వెంట్రుకలు కాలినట్లు వాసన వచ్చాయి.

అక్క తిరిగొచ్చేసరికి నేను నేలమీద కూర్చొని ఏడుస్తున్నాను. ఆమె మూత విప్పి, ప్రాసెసరు ఎత్తి చూసింది. కింద ఎర్రగా అంటుకొని ఉంది.

"ఇదేందిమే? రక్తమా?"

"కుంకుమక్కా."

కళ్ళజోడు తీసి తుడుచుకొని మళ్ళీ పెట్టుకుంది. "నా మొగానికి ఎప్పుడన్నా ఇంత మర్యాద చేసినావా? బోర్డుకు బొట్టు పెట్టినావా!" అని నవ్వింది. ఆ నవ్వు చూసి గండం గడిచిందనుకున్నాను. గడవలేదు. తర్వాత తిట్టిన తిట్లు పంచర్ల అంగడి దాకా వినిపించాయి. కానీ ఆమె తిట్టింది బొట్టు గురించి కాదు. "కుంకుమ పడింది, సరే. చేయి జారుతాది ఎవురికైనా. పిన్నులు వంగినాయి, సరే. వంగినాయని కంటితో చూసి, మూసిపెట్టి, స్విచ్ వేసినావు చూడు, అది! చెడిందని తెలిసినాక యాలకి మూసినావు? మూస్తే బాగైతాదా?" చిన్నప్పటినుంచి తప్పు జరిగితే మూసిపెట్టడమే నేర్చుకున్నాను మరి. ఆడపిల్లలకు అందరూ నేర్పేది అదే.

బోర్డూ ప్రాసెసరూ రెండూ పోయాయి. ఆమె బెంగళూరులో సామాను పంపే ఏజెంటుకు ఫోను చేసింది. స్పీకరులో పెట్టింది కాబట్టి నాకూ వినబడింది. అతను చాలా తెలివైనవాడు. "దాన్దేముంది మేడం, స్పిరిట్‌తో శుభ్రంగా తుడిచి పంపించు. డబ్బా విప్పినప్పుడే చచ్చిపోయి ఉందని నేను రాసేస్తా. కంపెనీ కొత్తది ఇస్తుంది" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఎవరికీ తెలియదు, నాయనకు తెలియదు, బస్సెక్కాల్సిన పని లేదు. అక్క "వద్దప్పా" అని పెట్టేసింది.

"యాలకి వద్దన్నావక్కా?" అని ఏడుపు గొంతుతో అరిచాను.

"కంపెనీ నుంచే చచ్చిపోయి వచ్చిందని రాసినామంటే, నువ్వు ఈడ ఏమీ చేయనట్లే లెక్క. బిగించనూ లేదు, చెడగొట్టనూ లేదు. చేసినావు కదా? చెడగొట్టేదానికన్నా చేయి పెట్టల్ల కదా? నీ పని నీ పేరుమీదనే ఉండనీ." అప్పుడు నాకు ఒళ్ళు మండింది. ఎవరికి కావాలి ఆ పేరు అనుకున్నాను.

సాయంత్రం ఎల్లారెడ్డి తన మనుషులతో వచ్చాడు. నేను గోడకు అతుక్కుపోయి నిలబడ్డాను. అక్క కుర్చీలోంచి లేవకుండానే, కాలిన బోర్డు టేబులు మీద పెట్టి, "నీ కంప్యూటరు ఈ పొద్దు కాలిపాయన్నా. ఈ పాప బొట్టు పెట్టింది, కుంకుమ లోపల పడింది. వేరే బోర్డు ఉండాది. ఇంకొక గంట కూర్చో" అంది.

ఎల్లారెడ్డి బోర్డుకేసీ నాకేసీ చూశాడు. "ఆడపిల్లతో చేయిస్తావా మాబున్నీ? రేపు ప్రారంభం పెట్టుకొని ఉండాం. ముందే చెప్పినారు నాకు, హిందూపురం పొండని."

"హిందూపురం మెకానిక్కు పోయిన నెల రెండు బోర్డులు కాల్చినాడు. నాకే తెచ్చి చూపించినాడు. మొగపిల్లోడు కాలిస్తే నేర్చుకుంటాండాడు అంటారు. ఆడపిల్ల కాలిస్తే చేతకాదంటారు. ఇదేం న్యాయమన్నా?"

అంతలో అతని వెనకున్న ఒకడు గొంతు పెంచాడు. "పిల్లది కుంకుమ పెట్టిందంట, సాయిబులామె అంగట్లో! ఆమెకు గిట్టలేదేమో, ఆమే ఏదన్నా చేసిందేమో!" దుకాణం ముందు టీ తాగుతున్నవాళ్ళు ఇటు తిరిగారు. ఆ మాట ఎక్కడికి పోతుందో నాకు అర్థమైంది. తెల్లారేసరికి ఊరంతా తిరిగి, ఇంకో ఆకారంలో ఆమె గడప ముందుకు వస్తుంది. ఏజెంటు చెప్పిన అబద్ధం ఒప్పుకొని ఉంటే ఈ పంచాయితీయే లేదు. ఆమె మొహం చూశాను. భయం ఉంది. నేను చూశాను, నిజంగా ఉంది. కానీ గొంతులో లేదు.

"కుంకుమ దేవునిదే అప్పా. ఎవురు కాదన్నారు? సాకెట్లో పడినాక అది దేవునిదని కరెంటుకు తెలీదు. నమాజు నీళ్ళు పడినా కాలుతాది."

నాకు ఎక్కడినుంచి వచ్చిందో, గోడ వదిలి ముందుకొచ్చాను. "అక్క అంగట్లో లేనే లేదు. కుంకుమ నేను తెచ్చినా. నేను పెట్టినా. నేను తుడిచినా. నేనే స్విచ్ వేసినా. ఆమెను ఏమన్నా అంటే ఊరుకోను." నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మగవాళ్ళ ముందు నేను అంత గట్టిగా మాట్లాడడం అదే మొదలు. ఎల్లారెడ్డి చెయ్యెత్తి ఆ మనిషిని నోరెత్తకుండా సుమ్మనుండమన్నాడు. అది న్యాయబుద్ధో, రేపటి ప్రారంభం మీద దిగులో నాకు తెలియదు.

అక్క ఇంకో ఆర్డరు కోసం తెచ్చిన బోర్డు డబ్బా నా ముందుకు తోసింది. "బిగించు. వీళ్ళ ముందరే." ఆమె నా పక్కకు రాలేదు, నేర్పలేదు, కుర్చీలోనే కూర్చొని లెక్కలేనట్లు గోళ్ళు గిల్లుకుంటోంది. అంతమంది మగవాళ్ళు వేళ్ళకేసి చూస్తుంటే ప్రాసెసరు ఆ గుంటలో పెట్టడం సూదిలో దారం ఎక్కించినంత కష్టం. పెట్టాను. తెర వెలిగింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎల్లారెడ్డి, "ఒక బొట్టన్నా పెట్టండమ్మా మరి, రేపు ఆఫీసుకు" అన్నాడు. "మూత బిగించినాక డబ్బా పైన ఎంత కావాలంటే అంత పెట్టుకో. లోపల మాత్రం మాది" అంది అక్క. పోతూపోతూ ఆయన, ఇంకోసారి ఆడపిల్లతో చేయిస్తే హిందూపురమే పోతామన్నాడు. "పో అన్నా. రోడ్డు మా అంగడి ముందరనే ఉండాది" అంది. నిజంగానే ఆ తర్వాత ఆయన హిందూపురమే పోయాడు. కథల్లోలాగా మనసు మారి తిరిగి రాలేదు.

మరునాడు నాయన వచ్చాడు. సంతలో ఎవరో చెప్పారట. గడప పక్కన నేను పెట్టుకున్న అన్నం సంచి చేతికి తీసుకున్నాడు. లోపలికి రాకుండా గడప దగ్గరే నిలబడి, "పా, ఇంటికి పోదాం" అన్నాడు నాతో. తర్వాత అక్కతో, "తప్పయిందమ్మా. మా పిల్ల వల్ల నీకు నష్టమూ, మాటా రెండూ వచ్చినాయి. దీనికి ఈ పని చేతకాదు. కంపెనీలో చెప్పినా, సోమవారం నుంచి పోతాది" అన్నాడు. నేను కాలు కదపలేదు. కానీ నాయన మంచివాడు, తలవంచుకొని నిలబడ్డ నాయనకు ఎదురు చెప్పడం ఎల్లారెడ్డికి ఎదురు చెప్పినంత సులభం కాదు.

అక్క ఆయనకు కుర్చీ వేసింది. కూర్చోలేదు.

"నీ సేన్లో బోర్లు వేసినావా అన్నా?"

"వేసినా."

"అన్నిట్లో నీళ్ళు పడినాయా?"

నాయన తుండుగుడ్డ ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు.

"నీళ్ళు పడని బోరు వేసినప్పుడు, నీకు సేద్యం చేతకాదు, ఇంగ చాలించి పో అని ఎవురన్నా అన్నారా నిన్ను? ఇంకో పక్క చూసి మళ్ళా వేసినావు కదా? నీ బిడ్డ ఒక్కటంటే ఒక్క బోర్డు కాల్చింది. నీకొక న్యాయం, దానికొక న్యాయమా?"

ఆ మాట నాయనకు తగలరాని చోట తగిలింది. ఎండిపోయిన బోర్లు మా ఇంట్లో ఎవరూ ఎత్తని మాట. ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి. కొడతాడేమో, అరుస్తాడేమో అనుకున్నాను. ఆయన సంచి మళ్ళీ గడప లోపల పెట్టి, "సాయంత్రం బస్సుకు పంపించమ్మా" అన్నాడు. తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు. అక్క నా వైపు తిరిగి, "ఏంది చూస్తాండావు? దుమ్ము ఊదు పో" అంది. ఆ రోజు నేను ఊదినంత దుమ్ము మళ్ళీ ఎన్నడూ ఊదలేదు.

కాలిన బోర్డును ఆమె పారేయనివ్వలేదు. మధ్యాహ్నం గిరాకీ లేని వేళ కిటికీ దగ్గర వెలుగులో కూర్చోబెట్టి, భూతద్దం, కుట్టుసూది ఇచ్చి, ఒరిగిన పిన్నులు ఒక్కొక్కటే నిలబెట్టమనేది. ముందు స్పిరిట్‌లో ముంచిన మెత్తటి బ్రష్షుతో కుంకుమ వదిలించాలి. తర్వాత ఊపిరి బిగబట్టి సూదిమొనతో పిన్ను ఎత్తాలి. ఎక్కువ ఎత్తితే విరుగుతుంది. మెడ పట్టేసేది, కళ్ళు నీళ్ళు కారేవి. "బాగు కాదులే అక్కా" అని సణిగితే, "కాకపోతే పోనీ. నీ చేయన్నా బాగైతాది" అనేది. ప్రాసెసరు ఎటూ దక్కలేదు. బోర్డు మాత్రం, ర్యామ్ అనే మెమరీ పలక పెట్టే ఒక అర చచ్చిపోయినా, రెండో అరతో లేచి నిలబడింది. దాన్ని ఆమె దుకాణం బిల్లులు కొట్టే కంప్యూటర్లో పెట్టింది. వచ్చినవాళ్ళందరికీ చూపించి "ఇది మా ఓబులమ్మ కాల్చింది, మా ఓబులమ్మే లేపింది" అని చెప్పేది. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్లుండేది. చెప్పొద్దక్కా అని ఎన్నిసార్లు బతిమాలినా వినలేదు. కొన్నాళ్ళకు నేనే చెప్పడం మొదలుపెట్టాను. ఆ రోజునుంచి ఆ మాటతో నన్ను ఎత్తిపొడవడం ఎవరి తరమూ కాలేదు.

తర్వాత నేను పెనుకొండలో సొంత దుకాణం పెట్టుకున్నాను. పోయిన ఏడాది ఆమెకు మూత్రపిండాలు పాడై అనంతపురంలో ఆస్పత్రిలో ఉంటే చూడ్డానికి పోయాను. చిక్కి సగమైంది. గొంతు మాత్రం అదే.

"ఏం కాల్చినావే ఈ మధ్య?"

"ఏమీ కాల్చలేదక్కా. ఇప్పుడు చేయి బాగా కుదిరింది" అన్నాను గర్వంగా.

మొహం చిట్లించింది. "అట్లయితే కొత్త పనేమీ పట్టుకోలేదా నువ్వు? తెలిసిందే చేస్తా కూర్చున్నావా?"

బస్సులో తిరిగొస్తూ ఆ మాట మీద కోపం తెచ్చుకున్నాను. పండ్లు తీసుకొని అంతదూరం పోతే ఇదా పలకరింపు అనుకున్నాను. కానీ ఆమె అన్నది నిజం. ల్యాప్‌టాప్ బోర్డు మీద చిప్పులు విప్పి అతికించే పని మా వైపు ఆడవాళ్ళెవరూ చేయగా నేను చూడలేదు. అలాంటివి వస్తే నేను బెంగళూరు పంపించి చేతులు దులుపుకునేదాన్ని. ఆ వారమే వేడిగాలి మిషను తెప్పించాను. పాత ల్యాప్‌టాప్ బోర్డు ఒకటి ముందర పెట్టుకొని మొదలుపెట్టాను. వేడి ఎక్కువై బోర్డు బుడగలెత్తింది. ఆమెకు ఫోను చేశాను.

"అక్కా, ఒకటి కాలిపాయ."

అవతల దగ్గు, నవ్వు కలిసి వచ్చాయి. "ఇంకొకటి తీసుకో" అంది.

ఆమెతో అదే ఆఖరి మాట. మట్టి ఇచ్చేది మగవాళ్ళేనని నన్ను శ్మశానం దాకా రానివ్వలేదు. దాని మీదా ఆమె ఏదో ఒకటి అనేదే. మూడో రోజు జియారతు ప్రార్థనలకు ఆమె ఇంటికి పోయి, ఆడవాళ్ళ మధ్య కూర్చొని వచ్చాను. మరునాడు దుకాణం తెరిచి నేర్చుకోవడానికి రెండో పాత బోర్డు ముందర పెట్టుకున్నాను. అదీ కాలిపోయింది. అప్పుడు ఏడ్చాను, గట్టిగా, గిరాకీదారు ఎదురుగా ఉన్నా సిగ్గుపడకుండా. ఆ మనిషి కంగారుపడి, "ఏమ్మా, ఈ పని తెలిసిన మెకానిక్కు ఎవరూ లేరా ఇక్కడ?" అని అడిగాడు.

"ఉంది. నేర్చుకుంటాండాది" అని కళ్ళు తుడుచుకొని, ఇంకొకటి తీసుకున్నాను.